గీత పడని ఆటగాడు

మదామ్ కోర్మియే పూటకూళ్ళ ఇంట్లో పొద్దున్న ఆరయ్యేసరికి బఠాణీ సూపు వాసన మేడ మీదికి పాకేది. వెండి గనుల్లోకి దిగేవాళ్ళు ముందే తిని, బూట్లు దబదబలాడించుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆ హడావుడి సద్దుమణిగాక ఎల్జియార్ ఫిలియోన్ మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుని కిందికి దిగి, కిటికీకి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చునేవాడు. కిటికీ తెరిచి ఉంటే అతనికి ఇబ్బంది.

"ఇవాళ సరస్సు గాలి జోరుగా ఉంది నాయనా" అంటూ మదామ్ అతని కోటు జేబుల్లో చెరో ఇస్త్రీపెట్టె వేసేది. "చర్చి దాటేటప్పుడు గోడ పక్కనే నడు. పోయినసారి కంచెకి చిక్కుకున్నావు, ఆ ప్యాంటు కుట్టలేక చచ్చాను."

"సరే మదామ్."

"సూపు పూర్తిగా తాగు."

"తాగినా ఒంటికి పట్టదు మదామ్."

"పట్టకపోతే పోయె. కడుపులో వెచ్చగా అయినా ఉంటుంది."

నలభైకి దగ్గరపడ్డ మనిషి. చూడ్డానికి భుజాలూ ఛాతీ నిండుగానే ఉండేవి. స్టేషనులో సరుకుల కాటా ఎక్కితే మాత్రం ముల్లు పదకొండు పౌన్ల దగ్గర ఆగేది. ఆ హేలీబరీ ఊళ్ళో అదెవరికీ వింత కాదు. ఒకడికి మెల్లకన్ను, ఒకడికి నత్తి, ఎల్జియార్‌కి బరువు లేదు.

మొదట్లో ఇలా లేడు. ఇరవై రెండో ఏట మిచిగాన్ రాగి గనుల ఊరికి వెళ్ళినప్పుడు నూట డెబ్భై పౌన్లుండేవాడు. ఐసు మీద హాకీ ఆడినందుకు జీతమిస్తారంటే జనం ఇంకా నమ్మని రోజులవి. అప్పుడు జట్టుకి ఏడుగురు. ఆరుగురికి ఎవరి చోటు వాళ్ళకుండేది. ఏడోవాణ్ణి రోవర్ అనేవారు. అతనికంటూ ఒక చోటు లేదు, ఎక్కడ అవసరం పడితే అక్కడికి పోవాలి. ఎల్జియార్ రోవర్.

రింకు అనే ఆ ఐసు మైదానం బయటా అదే బతుకైంది. ఒక ఏడు రాగి ఊరు, ఇంకో ఏడు ఉక్కు ఊరు, ఆ పైన రైలు పట్టాలు ఎక్కడ ఆగితే అక్కడ. కొత్త జట్టు నుంచి తంతి రాగానే పెట్టె సర్దుకోవాలి. ఈ చలికాలం భుజాల మీద ఊరేగించిన జనమే, వచ్చే చలికాలం వేరే జట్టు చొక్కాలో కనబడితే ఐసు మీదికి పొగాకు ఉమ్మేవారు. అతను వదిలి వచ్చిన ప్రతి ఊళ్ళోనూ కొంత బరువు ఉండిపోయేది. తిండి మానలేదు, జబ్బూ లేదు. మేనేజర్లు కాటా చూసి మురిసిపోయేవారు, ఎందుకంటే తేలికైన కొద్దీ వేగం పెరిగింది. ఆట అయ్యాక ఐసంతా స్కేట్ల గీతలతో నిండిపోయేది. వాటిలో అతనివి ఒక్కటీ ఉండేవి కావు.

అమ్మ పోయిందని అన్న రాసిన ఉత్తరం మూడు ఊళ్ళు అతని వెనకాలే తిరిగి, పదహారో రోజున చేతికి అందింది. అప్పటికి మట్టి కూడా కప్పేశారు. ఆ ఉత్తరం చొక్కాలో పెట్టుకునే ఆ సాయంత్రం ఐదు గోల్స్ కొట్టాడు. మర్నాడు కాటా ముల్లు ఒక్కసారిగా నలభై పౌన్లు దిగింది.

"ఇంకేం, ఎగిరిపోతావోయ్!" అని మేనేజరు వీపు చరిచాడు. ఆ చరుపుకి ఎల్జియార్ అవతలి గోడ దాకా వెళ్ళాడు.

చివరికి ఎగరనే ఎగిరాడు. హేలీబరీ రింకులో ఆట. అవతలి జట్టులో డంకన్ మక్‌ఫాడ్యెన్ అనే స్కాట్లాండువాడు, ఎద్దులాంటి మనిషి, పరుగున వచ్చి భుజంతో గుద్దాడు. ఎల్జియార్ చెక్కగోడ మీదుగా, జనం టోపీల మీదుగా లేచి పైకప్పు దూలాల్లోకి పోయాడు. రింకంతా ఘొల్లుమంది. రెఫరీ ఈల వేశాడు, ఆరుగురితో ఆట సాగింది. అంతా అయ్యాక ఎవరో నిచ్చెన వేస్తే దిగాడు. మళ్ళీ ఏ ఊరి నుంచీ అతనికి తంతి రాలేదు. కొన్నాళ్ళకి ఆటలోంచి రోవర్ అన్నదే తీసేశారు.

దిగిన ఊళ్ళోనే ఉండిపోయాడు. స్టేషనులో సరుకులకు చీటీలు అంటించే పని దొరికింది. అందరూ పలకరించేవారు. ఇంటికి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. ఆదివారాలు తలుపూ కిటికీ మూసుకుని, మంచం పట్టె పట్టుకు పడుకునేవాడు. అలా పదకొండేళ్ళు.

ఆ ఏప్రిల్‌లో సరస్సు ఐసు నల్లబడి, స్పాంజిలా మెత్తబడింది. ఏటా ఉన్నదే. మూడు వారాల పాటు బండి పోదు, పడవా పోదు. ఒక పొద్దున్న గనివాళ్ళు ఇంకా తింటుండగానే ఎల్జియార్ దిగివచ్చాడు. మదామ్ చెంబు బల్ల మీద ఠకీమని పెట్టింది.

"లంక మీద రెండు రోజులుగా పొగ లేదట."

సరస్సు నడుమ లంక మీద మూతపడ్డ కలప కోతమిల్లు ఉంది. దానికి కాపలా డంకన్ మక్‌ఫాడ్యెనే. మోకాలు పోయి ఆట మానేశాక అక్కడ చేరాడు. ఒంటరివాడు.

గనివాళ్ళు తినడం ఆపారు. ఆ ఐసుని కుక్క కూడా దాటజాలదన్నాడొకడు. ఇంకొకడు తల తిప్పకుండా అన్నాడు: "ఫిలియోన్ అయితే పోగలడు."

"వాడి కోసమా?" అన్నాడు ఎల్జియార్.

"నీకిష్టం లేకపోతే మానెయ్ నాయనా" అంది మదామ్. "నేనైతే సూపు డబ్బాలో పోసేశాను."

ఒడ్డున ఇస్త్రీపెట్టెలు తీసేసి, స్కేట్లు కట్టుకుని, సూపు డబ్బా ఉన్న సంచీని తాడుతో వెనక ఈడ్చుకుంటూ బయలుదేరాడు. గాలి వీపున తోసింది. కింద ఐసుకి అడుగున నీళ్ళు కదలడం కనిపిస్తూనే ఉంది. అది చిటుక్కుమని కూడా అనలేదు.

గుడిసెలో పొయ్యి చల్లారిపోయి ఉంది. డంకన్ గొంగళి కింద జ్వరంతో కాలిపోతున్నాడు.

"ఎవరది?"

"ఫిలియోన్."

"చంపడానికొచ్చావా?"

"సూపు తెచ్చాను."

"అయితే ముందు సూపు."

ఎల్జియార్ పొయ్యి రాజేశాడు. దుంగ కింద ఒక కాలు దూర్చి పెట్టుకుని కట్టెలు కొట్టాడు. తడిగుడ్డలు మార్చాడు. బల్లకోడు పట్టుకుని నేల మీద పడుకున్నాడు. నాలుగో రోజుకి జ్వరం దిగింది.

"ఆ రోజు నిన్ను పడగొట్టమన్నారురా" అన్నాడు డంకన్ పైకప్పు చూస్తూ. "బలమంతా పెట్టి వచ్చాను. భుజానికి ఏమీ తగల్లేదు. ఆరేసిన చొక్కాని గుద్దినట్టుంది. అందరూ నవ్వారు, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది."

"ఒక్కసారైనా వచ్చి ఆ మాట అనలేకపోయావా?"

"స్టేషను దాకా ఎన్నిసార్లు వచ్చానో. నువ్వు చీటీలు అంటిస్తుంటే చూసి వెనక్కి పోయేవాణ్ణి." గొంగళి మీదికి లాక్కున్నాడు. "నిచ్చెన పట్టుకుంది నేనే. నువ్వు కిందికి చూడలేదు."

ఎల్జియార్ లేచి రొట్టె కోసి, బెల్లప్పాకంలాంటి మొలాసిస్ రాసి, ఒకటి అతనికిచ్చి ఒకటి తను తిన్నాడు. తర్వాత ఇంకొకటి తిన్నాడు.

మిగిలిన రోజులు పేకాడారు. మొదటి రెండు రోజులు డంకన్ దొంగాట ఆడాడు, తర్వాత ఇద్దరూ ఆడారు. బీన్సు మాడ్చినందుకు ఒకరినొకరు తిట్టుకున్నారు. రాగి ఊరి రింకులో పైకప్పు కారి తలల మీద పడ్డ నీటిచుక్కల్ని ఇద్దరూ గుర్తు చేసుకున్నారు. ఆ రింకు గుర్తున్న మనిషి ఇంకొకడున్నాడని ఎల్జియార్‌కి అప్పటి దాకా తెలియదు. ఒక రాత్రి బల్లకోడు పట్టుకోవడం మర్చిపోయి నిద్రపోయాడు.

తొమ్మిదో పొద్దున్న, "ఇక పోతాను. స్టేషనులో సరుకు పేరుకుపోయి ఉంటుంది" అన్నాడు.

"పో మరి. ఎవరు ఆపారు?" అన్నాడు డంకన్. అని, కుంటుకుంటూ ఒడ్డు దాకా వచ్చాడు.

నాలుగు అడుగులు జారాడో లేదో, కాళ్ళ కింద ఐసు పెళ్ళుమంది. ఎల్జియార్ గుండె లోతున నీళ్ళలో కూరుకుపోయాడు. చలికి అరుపు కూడా రాలేదు. డంకన్ దుంగలు లాగే పొడవాటి కొక్కెపు కర్ర తెచ్చి, కోటు కాలరుకి తగిలించి, ఒడ్డున బోర్లా పడుకుని లాగాడు. లాగుతూ తిట్టాడు, రొప్పాడు, మళ్ళీ లాగాడు. చివరికి ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు.

"ఎంత బరువున్నావురా, దున్నపోతా! నా నడుం విరిగింది!"

ఎల్జియార్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఏమన్నావు?"

"చెవుల్లో నీళ్ళు పోయాయా? బరువున్నావన్నాను!"

"మళ్ళీ అను."

డంకన్ కసిరేవాడే. కానీ ఎల్జియార్ మొహం చూసి ఆగిపోయాడు. కాలరులోంచి కొక్కెం తీసి పక్కన పెట్టి, ఈసారి మెల్లగా, పూర్తిగా, మళ్ళీ అన్నాడు.