ఆయన చేసిపెట్టిన రెజ్యూమే

ఆ వేసవంతా ఆమెకు ఇంట్లో ఒకచోట కాలు నిలవలేదు. పనిచేసిన రక్తపరీక్షల ల్యాబ్ మూతపడ్డాక ఆన్‌లైన్‌లో ఎక్కడ దరఖాస్తు పెట్టినా, ఇలా పంపితే అలా జవాబు వచ్చేస్తోంది: మీ అర్హతలు మాకు సరిపోలేదు, క్షమించండి. ఇంత మర్యాదగా మెడపట్టి గెంటడం ఆ కంప్యూటర్లకే చెల్లింది.

లోపం రెజ్యూమేలో ఉంటుందని ఆమెకు తోచనేలేదు. అది చేసింది కట్టుకున్న మొగుడు. ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనరు. విజిటింగ్ కార్డు దగ్గర్నుంచి గోడ పోస్టరు దాకా ఆయన చెయ్యి పడితే కళ్ళకద్దుకోవాల్సిందే. సొంత పెళ్ళాం పని కదా, పక్కన లేత నీలం పట్టీ, పేరు కింద సన్నని గీత వేసి ప్రాణం పెట్టి చేశాడు. అందుకని ఆమె తననే అనుమానించుకుంది. వయసు మీరిందేమో, నేర్చిన పని పాతబడిందేమో అని లోలోపలే కుమిలిపోయింది.

రెండు వీధుల అవతల కొత్తగా తెరిచిన ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి ఆ సాయంత్రమే గడువు. ఇదీ పోతే ఈ పనికో దండం పెట్టి ఏ దుకాణంలోనో కూర్చుంటానని ఇంట్లో చెప్పేసింది. ఇదివరకు అన్నిచోట్లా ఫైలు ఎక్కిస్తే సరిపోయేది; ఈ ఫారంలో అనుభవం రాయాల్సిన గడి కూడా వచ్చింది. మళ్ళీ టైపు చేయడమెందుకని రెజ్యూమేలోంచి కాపీ చేయబోయింది. మౌస్ ఎంత లాగినా ఒక్క అక్షరం పట్టుబడలేదు. మౌస్‌ని నాలుగు తిట్టి, ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్న భర్తను పిలిచింది.

మౌస్ తప్పేం లేదన్నాడాయన. "అంతా కర్వ్స్ చేసేశాగా. ప్రింటుకి పంపేముందు అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చేస్తాం. అవతలి మిషన్లో మన ఫాంటు లేకపోతే అంతా చెదిరిపోతుంది మరి."

"అయితే ఇందులో అక్షరాలే లేవంటారా?"

ఆయన దగ్గరికొచ్చి తెర కేసి చూశాడు. మనుషులకు కనబడతాయనీ, కంప్యూటరుకు మాత్రం అవి ఉత్త గీతలనీ నసిగాడు. అంటే ఇన్నాళ్ళూ దరఖాస్తులు వడబోసే అవతలి సాఫ్ట్‌వేరు ఖాళీ కాగితం చూసి క్షమించమందన్నమాట. ఆమెకు నవ్వూ ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కోపమే గెలిచింది. ఆయన తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు.

తర్వాత తానే కూర్చుని, పట్టీ గీతా ఏమీ లేకుండా మామూలు నల్లటి అక్షరాల్లో మళ్ళీ టైపు చేశాడు. ప్రకటనలో అడిగిన రక్తపరీక్షల్లో తనకు చేయడం వచ్చినవన్నీ, కంప్యూటరు పోల్చుకునేలా అవే పేర్లతో ఆమె చెబుతూ పోయింది. ఫైలు ఎక్కించగానే తెరమీది గడులు వాటంతటవే నిండాయి. చదువు, చేసిన ఉద్యోగం, వచ్చిన పని. అవతల ఎవరో మొదటిసారి తన మాట విన్నట్టనిపించింది ఆమెకు.

తీరా పంపే వేళకు ఆమె ఆగిపోయింది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గడువు దాటిపోతుందని ఆయన గుర్తుచేశాడు.

"ఇన్నాళ్ళూ వాళ్ళు వద్దన్నది నన్ను కాదు," అందామె. "ఇప్పుడు చదువుతారు. చదివి కూడా వద్దంటే?"

తియ్యగా ఓదార్చడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

"అప్పుడు నిన్ను చూసే వద్దన్నట్టు," అన్నాడు. "ఆ పాటి కూడా నీకు దక్కకుండా చేశాను నేను. ముందు పంపు."

ఆమె వచ్చి కూర్చుని బటన్ నొక్కింది.