పెదనాన్న మీద చల్లిన పావలా

టంకశాలలో పొరపాటున పుట్టి, ఆ పొరపాటు వల్లనే పూజనీయమైన నాణేలకు నూజివీడు సీమ మొత్తానికీ లక్ష్మీనరసింహారావుగారే ఏకైక సంరక్షకులు. రెడ్డిగూడెం పక్కన రసాల తోటకు యజమాని కావడం ఆయనకు పుట్టుకతో సంక్రమించిన సామాన్య విషయం. భూతద్దానికి యజమాని కావడం మాత్రం తపఃఫలం. ముద్ర పక్కకు జారి చంద్రవంకలా మిగిలిన పది పైసలు, ఎలుక కొరికినట్టు అంచు తెగిన ఐదు పైసలు, రెండుసార్లు దెబ్బ తిని అంకెలన్నీ జంటలైన రూపాయి, ఇవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దూది పరుపు మీద శయనించేవి.

వాటిలో చక్రవర్తి ఒక పావలా. దానికి ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా ఉండేవి; రెండోవైపు అవే సింహాలు అద్దంలో చూసినట్టు తారుమారై లోపలికి దిగి ఉండేవి. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోతే దాని వెనుక వచ్చిన నాణేనికి దక్కే మహాభాగ్యం అది. వచ్చే ఆదివారం విజయవాడ ప్రదర్శనలో ఆ చక్రవర్తికి పట్టాభిషేకం. మైలవరం నుంచి వచ్చే సాటి సేకర్త రాయప్ప ముఖం ఆనాడు ఏ రంగుకు తిరుగుతుందో రావుగారు ముందే ఊహించుకుని, విడతల వారీగా ఆనందిస్తున్నారు.

ఇంతలో పెదనాన్న రామబ్రహ్మంగారు, తొంభై దాటి, కాలధర్మం చెందారు. గట్టు మీది మామిడిచెట్టు ఎవరిదన్న వ్యాజ్యంలో కోర్టు దాన్ని పెదనాన్నకే ఇచ్చినప్పటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు. అందుచేత రావుగారు శవయాత్రను బహిష్కరించి, తోటలో మోటారు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, తన బహిష్కారానికి తానే సాక్షిగా కూర్చున్నారు.

పండు ముసలివారి పాడె మీదుగా పేలాలూ చిల్లరా చల్లడం ఆచారం. ఆ చిల్లర ఏరి పిల్లల మొలతాటికి కడితే పోయినవారి ఆయుష్షు వస్తుందని నమ్మకం. కాని ఫోనుతో డబ్బు కొట్టే ఈ రోజుల్లో ఊళ్ళో చిల్లర ఏదీ? పెదనాన్న మనవడు ఉదయ్ కిరణ్ పరుగున వచ్చి రావుగారి భార్య సీతమ్మగారిని అడిగాడు. ఇంట్లో రెండు డబ్బాలున్నాయి: ఒకదానిలో తళతళలాడే మంచి నాణేలు, రెండోదానిలో అచ్చు తప్పినవి. ఆ ఉత్తమ ఇల్లాలు మంచివాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తప్పువాటిని ఇచ్చి పంపింది.

సాయంత్రం ఖాళీ డబ్బా చూసిన రావుగారి కేక రోడ్డు దాకా వినిపించింది.

“అరవకండి. మంచివి ఒక్కటి కూడా ముట్టుకోలేదు,” అంది సీతమ్మ.

“ఆ తప్పుల కోసమే కదే నేను ఇన్నేళ్ళూ కళ్ళు పోగొట్టుకుంది.”

“నాకెప్పుడైనా చెప్పారా? డబ్బా తీస్తే తలుపేసుకుంటారు. అయినా మన గడప నుంచి మనిషి ఎటూ వెళ్ళలేదు, చిల్లరైనా వెళ్ళొద్దా?”

తెల్లవారగానే రావుగారు భూతద్దంతో శ్మశానం దారి పట్టారు. దొరికిన ఒకటి రెండింటినీ ట్రాక్టర్లు అప్పటికే మళ్ళీ ముద్రించాయి. వింత పావలా ఒకటి తమ తోటలో పనిచేసే ఆంజనేయులు భార్య స్వాతికి దొరికిందని దారిలో ఎవరో చెప్పారు. ఆయన మోటార్‌సైకిల్ అటు తిరిగింది.

తోటలో ఆడవాళ్ళు కాయలు ఏరి గడ్డిలో సర్దుతున్నారు. కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో స్వాతి కూతురు. ఆ పిల్ల మొలతాటికి చక్రవర్తి వేలాడుతున్నాడు, సింహాల నడినెత్తిన బెజ్జంతో.

“ఎవడు కొట్టాడిది?” అన్నారు రావుగారు, భూతద్దం తీసి.

“మా ఆయనేనండీ. బలే గట్టిదండీ, రెండు మేకులు వంగిపోయినయ్.”

“బుద్ధుందా వాడికి? విప్పు. అది నాది.”

“చల్లేశాక ఎవరిదండీ? మీదే అయితే మీరే చల్లుండాలి. మరి పాడె వెనక మీరు కనపళ్ళేదే?”

గంపల వెనుక ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు.

“వెండిది ఇస్తాను. కొత్తది.”

“వెండిదాన్ని పెద్దాయన మీద చల్లలేదు కదండీ.”

మూఢనమ్మకాలు జాతిని ఎలా భ్రష్టు పట్టించాయో రావుగారు అక్కడే ప్రసంగం అందుకున్నారు. స్వాతి కాసేపు వింది. తరువాత ఉయ్యాలలోంచి పిల్లను లేపి, రెండు చేతులతో ఆయన ముందుకు చాపింది. ఆమె మొహం కందిపోయి ఉంది.

“నేను విప్పనండీ. మీరే విప్పుకోండి, ఈళ్ళందరి ముందూ.”

రావుగారి చేయి మొలతాటి దాకా వెళ్ళింది. బెజ్జం పడిన నాణేన్ని ప్రదర్శన గుమ్మం కూడా తొక్కనివ్వరని ఆయనకు తెలుసు. అయినా కావాలి. ముడి వేళ్ళకు తగిలింది. పిల్ల ఆ వేలును గట్టిగా పట్టుకుంది. హేతువాదమంతా ఎదురు నిలిచి ఆజ్ఞాపించినా ఆ చేయి ముడి విప్పలేదు. చాలాసేపటికి ఆయన వేలు లాక్కున్నారు.

“చచ్చి కూడా నా మీద గెలిచాడు ముసలాడు,” అన్నారు పళ్ళు కొరుకుతూ.

“మా పిల్లా అట్టాగే గెలవాలనే కదండీ కట్టింది,” అంది స్వాతి, పిల్లను చంకనేసుకుని.