పన్నెండో సీసా

పద్నాలుగో అధ్యాయం మూడో పేజీలో ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్ను ఆగిపోయింది.

పెన్ను ఆగడం ఆ ఆఫీసులో వింతేమీ కాదు. వాళ్లు అచ్చువేసే నేరకథల్లో ఎక్కడ కంపెనీ పేరు కనబడితే అక్కడ ఆగి, దాన్ని కొట్టేసి, "ఒక రకం సబ్బు", "ఖరీదైన వాచీ" అని రాయడమే ఆమె ఉద్యోగం. వెనకటికి ఒక నవలలో హంతకుడు ఫలానా సబ్బుతో నెత్తురు కడుక్కున్నాడని రాస్తే, ఆ కంపెనీ లాయరు నోటీసు పంపి యజమాని పెద్దాయన్ని ఆర్నెల్లపాటు మూడు చెరువుల నీళ్లు తాగించాడు. అప్పటినుంచి పెద్దాయనకు పేరున్న వస్తువు కనబడితే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. కొట్టేసిన ప్రతి పేరూ ఒక కాగితం మీద ఎక్కాలి, ప్రతి పేరు పక్కనా రచయిత సంతకం పెట్టాలి, ఆ కాగితం ఇనప బీరువాలోకి వెళ్లాలి. ఇదీ ఆయన కట్టుబాటు.

కానీ ఈసారి పెన్ను ఆగింది అందుకు కాదు. పేజీలో ఇలా ఉంది: "అతను సీసా అందుకున్నాడు. నీలిమబ్బు తలనూనె. ఊదారంగు మూత. మెడ దగ్గర వంకరగా అతికించిన లేబుల్. పైనుంచి మూడో మెట్టు మీద సగం సీసా వంచాడు. భార్య కిందికి దిగి రావడానికి ఇంకా పది నిమిషాలుంది."

ఆమె మళ్లీ చదివింది. నవల రాసింది పరాయివాడు కాదు, ఆమె బావ. తోడబుట్టిన అక్కకు మొగుడు.

బావ పుస్తకం వస్తోందంటే పెద్దాయన కాలు నేలమీద నిలవదు. పాఠకులు బావని అంతగా నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఆ వస్తువుల పేర్లే. ఆయన కథలో హంతకుడు ఏ కంపెనీ బూట్లు వేసుకున్నాడో, గోడ మీద ఏ సినిమా పోస్టరు చిరిగి వేలాడుతోందో, పక్కింటి రేడియోలో ఏ పాట వస్తోందో అన్నీ ఉంటాయి. చదివినవాళ్లకు ఆ హత్య తమ వీధిలోనే జరిగినట్టు భయం వేస్తుంది. అచ్చులో అసలు పేర్లు పోయినా, వాటి చుట్టూ ఆయన రాసిన రంగూ వాసనా మిగులుతాయి. సభల్లో ఆయన మాట ఒకటే. "పేరులేని బూటు ఎవడి కాలికైనా పడుతుంది. పేరు పెట్టానంటే మనిషి దొరికిపోయినట్టే. నా చేత్తో పట్టుకోని వస్తువు పేరు చచ్చినా రాయను." జనం చప్పట్లు కొట్టేవాళ్లు. మరదలు కూడా కొట్టింది, పాపం.

తొమ్మిదేళ్ల కిందట ఆమె ఈ ఆఫీసులో లేదు. లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసేది. ఒక నూనె కంపెనీవాళ్లు కొత్త తలనూనెకు "నీలిమబ్బు" అని పేరు పెట్టుకుని, చూసుకోవడానికి పన్నెండు సీసాలకు లేబుళ్లు అతికించమన్నారు. ఆమే చేత్తో అతికించింది. పన్నెండోది వంకరపోయింది. వంకరదాన్ని కంపెనీవాళ్లకు ఎలాగూ చూపించలేం కదా అని, అక్క జుట్టు రాలిపోతోందని ఏడుస్తోంది కదా అని, మర్నాడు పదింటికి పనికి వెళ్తూ వెళ్తూ అక్క చేతిలో పెట్టింది. అక్క నవ్వి, "నీ పనిలాగే నీ లేబులూ వంకరే" అంది. అక్క ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

పన్నెండు గంటలకు అక్క మెట్ల కింద పడి ఉంది. తల పగిలింది. మెట్లు తడిగా ఉన్నాయి, ఫినాయిల్ వాసన కొడుతోంది. తుడిచిన మెట్ల మీద కాలు జారిందన్నారు. బావ రెండు రోజులుగా ఊళ్లో లేనన్నాడు, సాయంత్రానికి గానీ రాలేదు. గుండెలు బాదుకుని ఏడ్చాడు. చెల్లెలు మాత్రం ఇల్లంతా వెతికింది. నూనె సీసా ఎక్కడా లేదు. అడిగితే అందరూ కసురుకున్నారు. "మనిషే పోతే సీసా గొడవేంటే నీకు?" అని అమ్మ కూడా తిట్టింది. ఆమె నోరు మూసుకుంది. నోరు మూసుకున్నందుకు ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

సరిగ్గా ఆ మర్నాడే ఆ పేరు వేరెవరిదో అని తేలింది. కంపెనీవాళ్లు పదకొండు సీసాల లేబుళ్లు పీకేసి, మిగతా లేబుళ్లన్నీ ప్రెస్సు వెనకాల తగలబెట్టించి, నూనెను వేరే పేరుతో బజారులో పెట్టారు. అంటే నీలిమబ్బు అనే తలనూనె ఈ భూమ్మీద ఏ దుకాణంలోనూ ఒక్క రోజు కూడా లేదు. బయటికి వచ్చింది ఒక్క సీసా. ఆ సీసా అక్క ఇంట్లో ఉన్నది రెండు గంటలు.

బావకు ఆ సంగతి తెలియదు. లక్షమంది ఇళ్లల్లో ఉండే నూనె అనుకుని రాసేశాడు.

ఆమె రాత్రంతా ఆలోచించింది. పొద్దున్నే పాత ప్రెస్సుకు వెళ్లి, ఫైలు తీయించి చూసుకుంది. లేబులు నమూనా ఉంది, తగలబెట్టిన తేదీ ఉంది. ఇక మిగిలింది బావ. రాతప్రతి కంప్యూటరులో కొట్టిన కాగితాల కట్ట. పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్తే, "ప్రూఫ్ రీడరే ఇరికించింది" అనేస్తాడు. ఆ మాట తనే రాశానని ఆయన చేతి రాతతో ఉండాలి. సంతకాల రోజు ఇవాళే. సంతకాలు కాగానే రాతప్రతి రచయిత వెంట తీసుకుపోతాడు. ఇవాళ తప్పితే అక్క మళ్లీ చచ్చిపోయినట్టే.

పదకొండింటికి బావ వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి సెంటు వాసన.

"ఏం మరదలు పిల్లా, ఈసారి ఎన్ని తలలు నరికావు?"

"పదమూడు పేర్లండీ" అంది. గొంతు తన గొంతులా లేదు. ఆయన గమనించలేదు. పొగడ్త తప్ప ఎదుటివాళ్ల గొంతు ఆయన ఎప్పుడు విన్నాడు గనక!

పెద్దాయన గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. బూట్లు, సిగరెట్టు, టీవీ, బిస్కెట్టు. నీలిమబ్బు ఎనిమిదోది. బావ సంతకాలు గిలికేస్తూ పోతున్నాడు. ఒకటి. రెండు. మూడు. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

ఏడో సంతకం తర్వాత కలం ఆగింది.

"ఎనిమిదోది 'ఏదో తలనూనె' అని మార్చావు. చప్పగా లేదూ?"

"పేరు ఉంచలేం కదండీ." పెద్దాయన వైపు చూస్తూ అంది. "నేనెప్పుడూ వినలేదు ఆ పేరు. నిజంగా ఉందా, మీరు కల్పించారా? కల్పించిందయితే కొట్టక్కర్లేదు."

బావ మొహం ఎర్రబడింది. "కల్పించడమా? నేనా? పెద్దాయనా, చూశారా మీ ప్రూఫ్ రీడరు! ఈ చేత్తో పట్టుకున్నానమ్మా ఆ సీసా. ఊదారంగు మూత. వంకర లేబులు. అవి కల్పిస్తే వచ్చేవి కావు."

"అంతే అంతే. ఆయన కల్పించరు" అన్నాడు పెద్దాయన కంగారుగా.

బావ ఎనిమిదోదాని పక్కన మిగతావాటికంటే పెద్ద సంతకం పెట్టాడు. పదమూడూ అయ్యాయి. పెద్దాయన కాగితం తీసుకుని బీరువా దగ్గరికి నడిచాడు. బావ రాతప్రతి చంకలో పెట్టుకుని లేచి, గుమ్మం దాకా వెళ్లి, "వంకర లేబులు" అని తనలో తను గొణుక్కుని, అక్కడే నిలబడిపోయాడు. వెనక్కి తిరిగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు అప్పట్లో లేబుళ్ల ప్రెస్సులో కదూ చేసేదానివి?"

ఆమె బీరువా వైపు చూసింది.

"పెద్దాయనా, ఆ కాగితం ఇలా ఇవ్వండి. ఎనిమిదోది మొత్తానికే తీసేద్దాం. సీనే మార్చి రాస్తాను."

బావ అడిగితే పెద్దాయన కాదన్నది ఇంతవరకు లేదు. బీరువాలోంచి కాగితం మళ్లీ బయటికి వచ్చింది. ఆమె గబుక్కున లేచింది, కుర్చీ వెనక్కి పడింది.

"ఇవ్వకండి! ఆ నూనె ఎక్కడా అమ్మలేదండీ. బయటికి వచ్చింది ఒక్కటే సీసా. ఆ లేబులు వంకరగా అతికించింది నేను. మా అక్క పోయిన రోజు పదింటికి మా అక్క చేతికిచ్చాను. పన్నెండింటికి మా అక్క లేదు, సీసా లేదు. ఆ రోజు ఈయన ఊళ్లోనే లేనన్నాడు."

పెద్దాయన చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఆయన ధైర్యవంతుడేమీ కాదు, నోటీసు చూస్తే జ్వరం తెచ్చుకునే మనిషి. బావ చెయ్యి చాపి రెండడుగులు వేశాడు. పెద్దాయన వెనక్కి తిరిగి, కాగితం లోపల పడేసి, తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో బిగించాడు.

"సంతకం పెట్టిన కాగితం బయటికి పోదు బాబూ" అన్నాడు వణుకుతూ. "లాయరు గట్టిగా చెప్పాడు."

బావ ఆమె వైపు తిరిగి నవ్వడానికి చూశాడు. "ఒక్క పేరు పట్టుకుని ఏం తేలుస్తావే నువ్వు?"

"నువ్వే చెప్పావుగా బావా, పేరు పెట్టావంటే మనిషి దొరికిపోయినట్టేనని."

తొమ్మిదేళ్లుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె తుడుచుకోలేదు. ఏడుస్తూనే ఫోను తీసి పోలీస్ స్టేషను నంబరు నొక్కింది.