మోచెయ్యి పెట్టి చూడాలి

కాన్పయి ఇంటికొచ్చిన తెల్లారే మా అత్తమ్మ దెబోరా బొగ్గుల పొయ్యి మీద వేపాకు మరిగించింది. నాకు కుట్లు పడ్డాయి. కూర్చుంటే ప్రాణం పోతోంది. ఆస్పత్రి నర్సమ్మ మా ఇద్దరికీ చెప్పే పంపింది: శుభ్రమైన టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని కాసేపు కూర్చుంటే చాలు. వేపాకు వేయాలనుంటే మరిగించి వడగట్టాలి, ఉప్పూ పసుపూ సబ్బూ కలపకూడదు. జ్వరమొచ్చినా, చీము పట్టినా వెంటనే రావాలి.

అత్తమ్మ ఒక్క మాటా తప్పలేదు. కొత్త టబ్బు తెప్పించి కడిగింది, వేపనీళ్లు తెల్లగుడ్డలో వడగట్టింది. చివరికి చెయ్యి ముంచి చూసి, "మంచిగున్నయ్, కూసో బిడ్డా" అంది.

నేను వేలు పెట్టాను. చుర్రుమంది.

"కాలుతున్నయ్ అత్తమ్మా."

"ఏడ కాలుతున్నయ్? నా చెయ్యి గీంట్లనే ఉన్నది సూడు. గింత నాజూకైతే ఎట్ల?"

ఆ చెయ్యి సంగతి నాకు తెలియదా? మామ బొగ్గుబాయి పనిలో చేరి ఈ క్వార్టరుకి వచ్చిన నాటి నుంచీ నిప్పుల మీద జొన్నరొట్టెలు తిప్పుతున్న చెయ్యి అది. దాని మాట నమ్మి పచ్చి కుట్లతో కూర్చోవాలా? కాదంటే అలుగుతుంది. అలిగితే అలగనీ! కోపం ఆగక ఆమె మోచెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచాను.

"అవ్వో!" అని లాక్కుంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. టబ్బు వైపే చూస్తూ నిలబడింది.

"నీ మొగడు పుట్టినప్పుడు మా అత్త సుత గిట్లనే చెయ్యి పెట్టి సూసింది. బొబ్బలెక్కినయ్ బిడ్డా."

"మొత్తుకోలేదా?"

"మొత్తుకుంటే ఎవలింటరు? అందరు గట్ల కూసున్నోళ్లేనాయె."

నా కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చింది.

కాచి చల్లార్చిన నీళ్లు చెంబుతో పోస్తూ, పోసినప్పుడల్లా మోచెయ్యి ముంచి చూసింది. "ఇప్పుడు నువ్వు సూడు" అంది. ముంచాను. హాయిగా ఉంది.

మెల్లగా పట్టుకుని కూర్చోబెట్టింది. తడి అద్దుకోవడానికి ఉతికిన మెత్తని గుడ్డ అందేలా పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. నొప్పి కొద్దికొద్దిగా వదులుతోంది. బయట స్టూలు జరిపిన చప్పుడైంది.

"ఆరాధనా, జర మండినా మొత్తుకో బిడ్డా. నేను ఈడనే ఉన్న."