చేయి మరిగిన అంబాసిడర్

పొద్దున ఏడు గంటలకు అంజనమ్మ కొట్టం తలుపు తీసేది. ముందు నల్లావు, దాని వెనక రెండు ఎర్రావులు, వాటి వెనక దూడ, అన్నిటికన్నా చివర తెల్ల అంబాసిడర్ బయటికి వచ్చేవి.

ఉద్దనపల్లిలో కారుకు వేరే షెడ్డు కట్టే జాగా లేక ఆమె మొగుడు ముత్తప్ప దాన్ని రెండేళ్లపాటు ఆవుల పక్కన నిలబెట్టాడు. రెండేళ్లు ఒకరి పక్కన ఉంటే వాళ్ల అలవాట్లు రాకుండా ఉంటాయా? పెళ్లయి వచ్చిన ఆడదానికి రావడం లేదూ! కారు కూడా మందతో బీడుకు పోయేది, పొద్దు వాలే వేళకు దూడ వెనకే ఇంటికి మళ్లేది. ఆడ ఏం మేసేదో ఎవరూ అడగలేదు గాని, సాయంత్రానికి పెట్రోలు ముల్లు ఒక గీత పైకి ఉండేది. దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుని, మీ తెల్లది ఈమధ్య చిక్కిందమ్మా అనేవాళ్లు.

నిజమే. ఎనభైనాలుగు ఎండాకాలం నాటికి అది దగ్గేది, నల్లపొగ వదిలేది, మిట్ట ఎక్కితే ఆయాసపడేది. మళ్లీ టాక్సీగా తిప్పాలంటే కృష్ణగిరిలో బండ్ల ఇన్‌స్పెక్టరు చూసి రోడ్డుకు పనికొస్తుందని ఎఫ్.సి. కాగితం ఇవ్వాలి. అంతకు ముందు పెద్ద సర్వీసు చేయించాలి. ఈసారి ఎఫ్.సి. రాకుంటే పాత ఇనుముకు తోలేస్తానని ముత్తప్ప తేల్చి చెప్పాడు. అంజనమ్మ ఆ సాయంత్రం ఆవులను కడిగిన చేత్తోనే కారు ముఖం కడుగుతూ చాలాసేపు నిలబడింది.

"ఆయిలు మార్చేది, ప్లగ్గులు తోమేది మనమే చేసుకోకూడదా?" అని అడిగింది.

"షాపులో చేస్తే పని అంటారు. ఇంట్లో చేస్తే ఏముంది, చాకిరి" అన్నాడు ముత్తప్ప.

హోటల్లో వండితే ఉద్యోగం, ఇంట్లో వండితే ధర్మం. తన నోటితో తానే ఇంత నిజం చెప్పేశానని అతనికి తెలియలేదు.

హోసూరులో, బాగలూరు రోడ్డు మీద రంగనాయకులు షెడ్డు ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, మంచి పనిమంతుడు. బండి ఇచ్చినవాడు పక్కనే కాపలా కూర్చోవడం ఆడ వాడుక. కన్ను తిప్పితే కొత్త సామాను స్థానంలో పాతది వచ్చి చేరుతుందని భయం. ముత్తప్ప బెంచీ మీద కాపలా కూర్చున్నాడు, అంటే పడుకున్నాడు. మధ్యాహ్నం అంజనమ్మ బస్సులో క్యారియర్ తెచ్చేది. అతను లేచి, తిని, గిన్నెలు ఖాళీ చేసేదాకా స్టూలు మీద కూర్చుని రంగనాయకులు చేతులను చూసేది. మన ఆడవాళ్లు చాలా విద్యలు ఇట్లాగే నేర్చారు, ఖాళీ గిన్నె కోసం కాచుకుని.

అయితే సాయంత్రం ఐదు కొట్టగానే కారు ఇంటికి బయలుదేరేది. మొదటి రోజు బానెట్ తెరిచి ఉండగానే రాయకోట రోడ్డు పట్టి వచ్చేసింది. రెండో రోజు రంగనాయకులు దాన్ని గొలుసుతో బెంచీకి కట్టాడు. అది గొలుసుతో పాటు, బెంచీతో పాటు, బెంచీ మీద నిద్రపోతున్న ముత్తప్పతో పాటు వచ్చింది.

మూడో రోజు రంగనాయకులు చేతులు తుడుచుకున్నాడు. "పని సగంలో లేచిపోయే బండికి నేను చెయ్యలేనండి. మీ కొట్టంలోనే ఎవరినైనా పెట్టి చేయించుకోండమ్మా."

"నేనే చేస్తాను" అంది అంజనమ్మ.

"పేడ ఎత్తినంత తేలిక కాదమ్మా ఇది."

"నువ్వెప్పుడైనా పేడ ఎత్తినావా రంగనాయకులప్పా?"

ఎత్తలేదు. అందుకని పానాల సంచీ, సందు కొలిచే గేజి రేకులూ వారం రోజులకు అరువిచ్చాడు.

ఆ వారం కారు మేతకు పోలేదు. అంజనమ్మ పాత ఆయిలు దించింది. ఆవు ఈనితే జున్ను పంచినట్టు, ఇంటింటికీ గిన్నెడు పంపింది. కొందరు బండి ఇరుసుకు రాశారు, కొందరు చెదలు పట్టిన ద్వారబంధానికి పూశారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు గనక తలా గుప్పెడు రాగులు వేసి పంపారు. ప్లగ్గులు తోమింది, కార్బురేటర్ విప్పి కడిగింది. చూడి ఆవు పొట్టకు చెవి ఆనించినట్టు ఇంజనుకు చెవి ఆనించి, ఏ టాపెట్ గొంతు పెంచిందో కనిపెట్టి, రేకు పెట్టి సరిచేసింది. అత్త గంగక్క గడప మీద కూర్చుని, కాన్పు బాగా చేస్తున్నావే అని మెచ్చుకుంది.

తప్పు ఒకటే జరిగింది. ఎండకు పగిలిన గిట్టలకు ఆముదం రాసే చేయి అది. నాలుగు చక్రాలూ విప్పి, లోపల ఎండిపోయి కనిపించిన బ్రేకు పట్టీలకు కూడా ప్రేమగా ఆముదం పట్టించింది. సాయంత్రం కారు ఆగాల్సిన చోట ఆగక, జారుకుంటూ పోయి పక్కింటి పెద్దప్ప గడ్డివామిలో తలదూర్చింది.

"షాపుకు ఇవ్వాల్సింది అంటే వింటివా?" అన్నాడు ముత్తప్ప, ఎంతో తృప్తిగా.

అంజనమ్మ మళ్లీ చక్రాలు విప్పింది. పట్టీలను పెట్రోలుతో కడిగింది. నూనె వదలని రెండింటికి రంగనాయకులు దగ్గర కొత్తవి తెచ్చి బిగించింది. మరుసటి సాయంత్రం కారు వామికి జానెడు దూరంలో ఆగి, రెండు పోచలు నమిలి, వెనక్కి తిరిగింది.

కృష్ణగిరికి ముత్తప్పే నడిపాడు. అంజనమ్మ పక్కన కూర్చుంది. మిట్టలన్నీ దగ్గు లేకుండా ఎక్కింది. బండ్లు పరీక్షించే మైదానంలో ఇన్‌స్పెక్టరు డ్రైవరు తప్ప అందరినీ దిగమన్నాడు. అంజనమ్మ దిగింది. కారు ఆగిపోయింది.

ముత్తప్ప తాళం తిప్పాడు, బతిమాలాడు, చివరికి తిట్టాడు. అది కదలలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద పెన్ను పెట్టాడు. ఆ పెన్ను ఒక్క గీత గీస్తే తెల్లది పాత ఇనుమే. అంజనమ్మ కొంగు చివర వేలికి బిగించుకుంది.

"ఎవరప్పా దీనికి సర్వీసు చేసింది?"

"మేమే చేసినాము సార్" అన్నాడు ముత్తప్ప. మగవాడికి అవసరమైనప్పుడు బహువచనం గుర్తొస్తుంది.

ఇన్‌స్పెక్టరు ఇద్దరి గోళ్ళూ చూశాడు. ముత్తప్పవి తెల్లగా ఉన్నాయి. ఆ ఇన్‌స్పెక్టరూ గొడ్లు కాసిన ఇంట్లో పెరిగినవాడే.

"ఒక చేయి మరిగిన ఆవు ఇంకో చేతికి పాలు చేపుతుందా? నువ్వు దిగు. అమ్మా, నువ్వు కూర్చో."

బీడులో దాని పక్కన నడిచిందే తప్ప, అంజనమ్మ ఎన్నడూ స్టీరింగు పట్టలేదు. పట్టగానే కారు మెల్లగా మైదానమంతా ఒక చుట్టు తిరిగింది. ఇన్‌స్పెక్టరు చేయి ఎత్తిన చోట గీత గీసినట్టు ఆగింది. ఆయన సంతకం చేశాడు.

"ఎఫ్.సి. ఇచ్చినాను. డ్రైవరు మాత్రం నువ్వు కాదప్పా. ఆమెకు లైసెన్సు తీయించు."

తీయించాల్సి వచ్చింది. వేరే దారి లేదు మరి.

ఇప్పుడు అంజనమ్మ తళి, రాయకోట, హోసూరు తిప్పుతుంది. సాయంత్రం ఐదు తర్వాత బాడుగ ఒప్పుకోదు, కారు ఒప్పుకోదు గనక. సర్వీసు గడువు వస్తే స్టాండులోనే కొంగు బిగించి పని మొదలుపెడుతుంది. మధ్యాహ్నం ముత్తప్ప బస్సులో క్యారియర్ తెస్తాడు. ఆమె చేతులు కడుక్కుని, తిని, గిన్నెలు ఖాళీ చేసేదాకా స్టూలు మీద కూర్చుని చూస్తుంటాడు.

పోయిన వారం అతను బానెట్‌లోకి తొంగిచూసి, "బెల్టు కొంచెం వదులుగా ఉన్నట్టుందే" అన్నాడు.

ఉంది. అంజనమ్మ పానా అతనికి అందించి, మజ్జిగన్నం కలుపుకుంది.