చాక్‌పీసు పడవ

పడవ కొంటానని జగదీశ్వర్ చెప్పగానే జయశ్రీ అడిగిన మొదటి ప్రశ్న, "కరెంటు బిల్లు ఏ అడ్రసుకు వస్తదిరా?" అని.

ఆయన ముప్పై ఏడేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి. అక్క ఏమేం అడుగుతుందో ముందే ఊహించి, జవాబులు కాగితం మీద రాసుకుని మరీ కింది వాటాలోకి దిగివచ్చాడు. ఈ ప్రశ్న మాత్రం ఆ కాగితంలో లేదు.

"సోలార్ పెట్టిస్త అక్కా," అన్నాడు కాగితం మడుస్తూ.

"మరి ఆధార్ కార్డుల ఏం రాయిస్తవ్? కృష్ణా నది, రెండో అల పక్కన?"

చిక్కడపల్లి సందులోని ఆ పాత ఇంట్లో కింద జయశ్రీ, పైన జగదీశ్వర్ ఉంటారు. జయశ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. అక్క వద్దన్న పని జగదీశ్వర్ తన అరవై రెండేళ్ళలో ఒక్కటే చేశాడు. లా చదవమంటే లెక్కలు చదివాడు. దానికి ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు నిట్టూరుస్తుంది.

భార్య కమల పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి పై వాటాలోని మూడు గదుల్లో ఆయన ముందుగది ఒక్కటే వాడుతున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పడవ సంగతి ఈదయ్య వల్ల వచ్చింది. ఈదయ్య తాపీ మేస్త్రీ. కొల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి బస్తీలో ఉంటున్నాడు. డాబాకు పగుళ్ళు పూడ్చడానికి వచ్చినవాడు, పని అయిపోయాక కూడా రెండు రోజులకోసారి "పగుళ్ళు ఎట్లున్నయి సార్" అని వచ్చి టీ తాగి పోతుండేవాడు. సంక్రాంతి దాటాక ఒకసారి, మా దిక్కు జాతర ఉంది రాండ్రి సార్ అని సోమశిలకు తీసుకుపోయాడు. అక్కడ కృష్ణ ఒడ్డున కనకయ్య అనే ఆయన పడవ ఉంది. ఒకప్పుడు యాత్రికుల్ని తిప్పిన ఇనుప పడవ. రేకుల కప్పు, రెండు గదులు, వంటకు మూల, వెనక స్నానాలగది. జగదీశ్వర్ నీడ కోసం అందులో కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఒరిగి నిద్రపోయాడు. రెండు గంటల తర్వాత లేచి, ముఖం కూడా కడుక్కోకుండా, "అమ్ముతవా?" అని అడిగాడు. ఉగాది దాకా ఆగుతానన్నాడు కనకయ్య.

"పదిహేను దినాలు," అంది చివరికి జయశ్రీ. "మన డాబా మీద పడవంత జాగ గీసుకో. పదిహేను దినాలు దాంట్లనే తిను, దాంట్లనే పండు. పొద్దుగాల గంట సేపు దిగు, దర్వాజ నుంచే. మిగిలిన యాళ్ళ గీత దాటితే పడవ ముచ్చట బంద్. ఉంటే మాత్రం నేను అడ్డం రాను."

బడిలో మిగిలిపోయిన చాక్‌పీసుల డబ్బా తీశాడు జగదీశ్వర్. ఈదయ్య టేపు పట్టాడు. ముప్పై ఎనిమిది అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. తోక సరిగ్గా డాబా మీది బాత్‌రూమ్‌ను కలుపుకునేలా గీశారు.

"ముక్కు అశోక్‌నగర్ దిక్కు పడ్డది సార్," అన్నాడు ఈదయ్య తల గోక్కుంటూ. "ఇడిసిపెడితే సీదా కోచింగ్ సెంటర్ల తేలుతది."

గీసిన గదుల మీద టార్పాలిన్ పట్టా కట్టారు. మడత మంచం, చిన్న స్టవ్, రెండు గిన్నెలు ఎక్కించారు. దర్వాజ దగ్గర ఈదయ్య సెంట్రింగ్ చెక్క ఒకటి పరిచాడు, ఒడ్డుకు దిగడానికి.

సాక్షి కావాలంది జయశ్రీ. డాబా మీది ఒంటి గదిలో అద్దెకుండే తన్మయిని పెట్టారు. తన్మయి గ్రూప్ వన్‌కు మూడోసారి చదువుతోంది. ఎలాగూ పొద్దంతా కుర్చీ వేసుకుని బయటే చదువుతుంది కాబట్టి ఒప్పుకుంది. అయితే ఆ అమ్మాయి ఇంత కచ్చితంగా ఉంటుందని జగదీశ్వర్ అనుకోలేదు. మొదటి రోజే పుస్తకంలోంచి తలెత్తి, "సార్, మీ ఎడమకాలు బొటనవేలు నీళ్ళల్ల ఉంది," అంది.

ఇల్లు ఊడ్చే ఆశమ్మ ఈదయ్య భార్య. చీపురుతో వచ్చి ఒడ్డున నిలబడి చాలాసేపు చూసింది.

"సార్, పడవల ఊడ్వాల్నా, నీళ్ళల్ల ఊడ్వాల్నా?"

"పడవలోనే ఆశమ్మా. నీళ్ళెవరన్నా ఊడుస్తరా?"

"మంచిగైంది. సగం పని తప్పింది," అని చెక్క మీదుగా జాగ్రత్తగా ఎక్కింది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తుకుంది.

పొద్దున ఆ ఒక్క గంటలో జగదీశ్వర్ నారాయణగూడ మార్కెట్ దాకా నడిచి కూరగాయలు తెచ్చుకునేవాడు. మధ్యాహ్నం అక్క పంపే అన్నం వద్దని తానే వండుకునేవాడు. ఉప్పు ఒకరోజు ఎక్కువయ్యేది, మరునాడు అసలు పడేది కాదు. మూడో రోజు తన్మయి ఒడ్డు నుంచి ఒక లెక్క అడిగింది. పడవ ప్రవాహానికి ఎదురుగా గంటకు ఎనిమిది కిలోమీటర్లు, ప్రవాహంతోపాటు పన్నెండు కిలోమీటర్లు పోతుంది, ప్రవాహ వేగం ఎంత?

"ఇట్లాంటి లెక్క పడవలో కూర్చున్నోన్ని అడుగుడు మంచిదే," అని నవ్వి, నేల మీదే చాక్‌పీసుతో చేసి చూపించాడు జగదీశ్వర్.

ఆరో రోజుకు హాస్టళ్ళలో ఉండే తన్మయి స్నేహితులు నలుగురు ఒడ్డున చేరారు. చుట్టూ నీళ్ళన్న సంగతి వాళ్ళకూ ఒంటబట్టింది. పెన్ను పడవలో పడితే "సార్, జర అందియ్యరా" అంటారే తప్ప ఎవరూ గీత మీదుగా చెయ్యి చాపరు. వాళ్ళ నవ్వులు కింది వాటా దాకా వినపడేవి.

జయశ్రీ మాత్రం ఎక్కలేదు. రోజూ సాయంత్రం మెట్ల మీద నిలబడి, "ఇంకా మునగలేదా?" అని అడిగి దిగిపోయేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి బాగ్‌లింగంపల్లి వైపు ఆకాశం నల్లబడింది. మార్చి నెలలో ఈ మబ్బేమిటని జగదీశ్వర్ అనుకునేలోపే గాలి లేచింది. దాని వెనకే వడగళ్ళు. టార్పాలిన్ మీద ఎవరో గుప్పిళ్ళతో శనగలు విసురుతున్నట్టు చప్పుడు. తన్మయి పుస్తకాలు పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. ఎండుటాకులు అడ్డంపడి నీళ్ళు పోయే పైపు మూసుకుపోయింది. చూస్తుండగానే డాబా అంతా పాదాలు మునిగే నీళ్ళు నిలిచాయి. జగదీశ్వర్ చెప్పులు తేలుతూ పడవలోంచి ఒడ్డు వైపు వెళ్ళిపోయాయి. చాక్‌పీసు గీతలు ముందు పాలలా కరిగి, తర్వాత కనిపించకుండా పోయాయి.

అప్పుడు వచ్చింది జయశ్రీ, కొంగు నెత్తిన వేసుకుని. గోడ పక్కన ఆమె చల్ల మిరపకాయలు ఎండబెట్టిన పళ్ళెం ఉంది. అది గుండ్రంగా తిరుగుతూ పడవ వైపే తేలుతూ వస్తోంది.

"చూస్తున్నవేందిరా, అందుకో!"

జగదీశ్వర్ మంచం మీంచి వంగి గొడుగు కొక్కెం చాపాడు. అది పళ్ళేనికి జానెడు దూరంలో ఆగింది.

"అందుతలేదు అక్కా!"

"జర దిగు!"

"దిగితే పందెం పోతది!"

"నీ పందెం పాడుగాను! లీటరు పెరుగు పోసి నానబెట్టిన!" అంటూ ఆమె రెండడుగులు గబగబా వేసింది. వడగళ్ళ మీద కాలు జారింది.

జగదీశ్వర్ ఎలా లేచాడో ఆయనకే తెలియదు. దర్వాజ అటుంది. ఆయన ఇటునుంచి, తిన్నగా గోడలోంచి, నీళ్ళలోకి దిగి అక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. దెబ్బ తగలలేదు. చీర మాత్రం పూర్తిగా తడిసింది. మెట్ల దాకా నడిపించడం కన్నా దగ్గరని ఆమెను తెచ్చి మడత మంచం మీద కూర్చోబెట్టాడు. మిరపకాయలు కొన్ని పళ్ళెంలో, కొన్ని డాబా అంతా ఉన్నాయి.

తన్మయి గది గుమ్మం నుంచి కొంచెం బాధగానే అరిచింది. "సార్! మీరు గోడలకెళ్ళి దాటిన్రు!"

"గీతలు లేవు కదమ్మా!" అన్నాడు ఆయన.

"గీత పోతే గోడ పోతదా సార్?"

"చూసినవా," అంది జయశ్రీ పళ్ళు కటకటలాడిస్తూ. "ఆ పిల్లకు ఉద్యోగం రావాలె. ఎంత న్యాయంగ చెప్పింది!"

జగదీశ్వర్ తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. "ఓడిపోయిన అక్కా. రేపు కనకయ్యకు ఫోన్ చేసి చెప్త, వేరేవాళ్ళకు ఇచ్చుకొమ్మని."

ఇద్దరూ కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని కూర్చున్నారు. చుట్టూ నీళ్ళు. వడగళ్ళు ఆగి సన్నటి వాన మిగిలింది.

"ఆడ ఇట్లనే ఉంటదా?" అని అడిగింది జయశ్రీ.

"ఇంకా ఎక్కువుంటయి నీళ్ళు. ఎండకాలంల దూరం పోతయట. పడవను కూడ జరుపుకుంట పోవాలంట."

"ఒక్కనివే?"

"ఈడ మాత్రం ఎందరున్నం అక్కా. పైన మూడు గదులు. నేను రెండిట్లకు పోనే పోను." ఆ మాట పైకి అన్నందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. "పడవల పోకుండ ఉండేటంత జాగ లేదు. అన్ని గదులు వాడాల్సిందే."

జయశ్రీ తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ అటూ ఇటూ చూసింది. స్టవ్, రెండు గిన్నెలు, కూరగాయల సంచి. చాలాసేపు అటే చూసింది.

"గీ మూలల వంట ఎట్ల చేస్తరు? ఒక్క మనిషి తిరుగుడే కష్టం," అని మాత్రం అంది. నీళ్ళు పోయాక, మిరపకాయలు ఏరుకుని దిగిపోయింది.

ఆ రోజు ఆయన పై వాటా ముందుగదిలో పడుకున్నాడు. తెల్లవారాక మంచం, స్టవ్ దింపుకుందామని డాబా ఎక్కాడు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

జయశ్రీ నడుం వంచి ముగ్గు వేస్తోంది. కడిగినట్టున్న డాబా మీద తెల్లగా పడవ ముక్కు, రెండు గోడలు, దర్వాజ వచ్చేశాయి. స్కేలు లేదు, టేపు లేదు. ఆయన చాక్‌పీసుతో గీసిన గీతల కన్నా తిన్నగా ఉన్నాయి. తన్మయి పళ్ళు తోముకుంటూ చూస్తోంది.

"అక్కా, అది తప్పు. వంటిల్లు అంత పెద్దగ లేదు."

"తెల్సు. రెండడుగులు జరిపిన."

"అది ఇనుప పడవ. గోడ జరగది."

"రేకు గోడే గద? ఈదయ్యనడుగు, జరుగుతదో జరగదో." పిండి డబ్బా చంకన పెట్టుకుని లేచింది. "నెలకు వారం దినాలొస్త. ఆ వారం నువ్వు వండేది నేను తినలేను. నేను వండుతాంటే నువ్వు బయట నిలబడి ముచ్చట చెప్తే నాకు వినపడది. ఇద్దరు పట్టాలె."

జగదీశ్వర్ ముగ్గు తొక్కకుండా దర్వాజ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మరి పందెం?"

"ఓడినవ్. ఎవరు కాదన్నరు? పందెం ఓడితే కొనొద్దని చెప్పింది నేనే, ఇప్పుడు కొనుమంటున్నది నేనే. నా మాట వినవా?"

నోట్లో నురుగుతోనే తన్మయి తలూపింది, అది కూడా న్యాయంగానే ఉందన్నట్టు.

ఆయన కనకయ్యకు ఫోన్ కలిపాడు. రెండు ముక్కలు మాట్లాడాడో లేదో, జయశ్రీ ఫోన్ లాక్కుంది.

"కనకయ్యా, నేను వాళ్ళ అక్కను మాట్లాడుతున్న. వంటింటి కిటికీ ఎటు దిక్కున్నది?"

అటునుంచి కనకయ్య గొంతు డాబా అంతా వినపడింది. "అమ్మా, అది పడవమ్మా! గాలి ఎటు తిప్పితే కిటికీ అటుంటది!"

"అట్ల తిరిగితే నేను పొయ్యి ఎటు పెట్టాలె? తూర్పు దిక్కుండేటట్టు గట్టిగ కట్టు," అంది జయశ్రీ. "మేం ఆదివారం వస్తున్నం, చూస్త."