ముక్కు పురుగుకి పెట్టిన పస్తు

వీధిలో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు. ఆమెకు కోపం రాదు, చేసే పని అదే మరి. పరిశోధనశాలలో మూడు తలుపుల వెనక, చీమ కూడా అడగకుండా దూరలేని గదిలో, పరాయి దేశపు ముక్కు పురుగుల్ని కన్నబిడ్డల్లా సాకుతోంది.

ఇదంతా సరస్సు కోసం. ఎవరో అందంగా ఉందని తెచ్చి వేసిన ఊదాపూల గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి నీళ్ళని కప్పేసింది. చేపలు పట్టే ఆమె అన్నయ్య పడవ పెరట్లో బోర్లా పడి ఉంది. సరస్సు అంచున వదిన తీగకూర మళ్ళు వేసి, గంప నెత్తిన పెట్టుకుని తిరిగితే ఇల్లు గడుస్తోంది. పెళ్ళాం సంపాదన తింటున్నానని అన్నయ్య లోలోపల కుమిలిపోతున్నాడు.

ఆ గడ్డి పుట్టిన దేశానికి వెళ్ళొచ్చాక ఆమె అన్నయ్యకి చెప్పింది.

"అక్కడ దాన్ని వెతుక్కోవాల్సొచ్చింది అన్నయ్యా. కాలవ గట్టున, ఆకులన్నీ చిల్లులు పడి, చూస్తే జాలేసింది."

"అదేంటి?"

"అక్కడ దాన్ని కొరుక్కుతినేవి బోలెడున్నాయి. ఇక్కడ అడిగే నాథుడు లేడు."

"పుట్టింట్లో అణిగిమణిగి ఉండి, ఇక్కడికొచ్చి నెత్తికెక్కిందన్నమాట. అచ్చం మీ వదినే!"

"నాకు వినబడుతోంది!" అంది లోపల్నుంచి వదిన.

"ఆ కొరికేవాటినే పట్టుకురా తల్లీ," అన్నాడు అన్నయ్య. ఈసారి నవ్వలేదు.

ఆ ముక్కు పురుగుల్నే పట్టుకొచ్చింది. పురుగుల వెంట వాటిని తినేవీ వచ్చాయి. పేలలాంటి జీవాలు, ఒంట్లోనే గుడ్లు పెట్టి ప్రాణం తీసే బుల్లి కందిరీగలు, పేరు తెలియని రోగాలు. పద్ధతి ప్రకారం వాటన్నిటినీ ఏరేసింది. గుడ్లు కడిగి, చీడాపీడా లేని కొత్త తరాన్ని పెంచింది. నిగనిగలాడుతున్న పురుగుల్ని చూసి పరిశోధనశాల పెద్దసారు కూడా మురిసిపోయాడు.

ఆఖరి పరీక్ష పస్తు. ఒక్కో డబ్బాలో ఇక్కడి మొక్క ఒక్కటే పెట్టి పురుగుల్ని అందులో వదిలేయాలి. అవి ఆకు ముట్టకుండా ఆకలితో చావాలి. చస్తేనే, అంటే ఆ గడ్డి తప్ప మరేదీ తినవని తేలితేనే, సరస్సులో వదలడానికి అనుమతి. డబ్బా తర్వాత డబ్బాలో అవి చస్తూ వచ్చాయి. పెంచిన చేతులతోనే శవాలు ఎత్తుతూ సంతోషించాల్సి రావడం ఆమెకు ఏదోలా ఉండేది.

తీగకూర డబ్బాలో ఒక పురుగు చావలేదు. ఆకుకి చిల్లు. కాడ చీల్చి చూస్తే లోపల గుడ్లు.

పెద్దసారుకి చెబితే పురుగులన్నిటినీ చంపేయాలి. చెప్పకపోతే? ఆలోచన తెగక అన్నయ్యకి ఫోన్ చేసింది.

"పడవకి తారు పూస్తున్నా. ఎప్పుడు వదులుతారు?" అన్నాడు హుషారుగా.

ఉన్నదంతా చెప్పింది.

"ఒక్కటే కదా! నలిపేసి చేతులు దులుపుకో. ఆకలికి తట్టుకోలేక తినుంటుంది. సరస్సులో దానికి కడుపునిండా గడ్డుంది."

"ఆ గడ్డి అయిపోయాక?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు దీన్ని ఆపేదేదీ ఉండదన్నయ్యా. దీన్ని కొరికేవాటిని నా చేత్తో నేనే ఏరి పారేశాను. ముందు వదిన మళ్ళు పోతాయి, తర్వాత అందరివీ."

"పోతే పోనీ! పడవ నీళ్ళమీదుంటే నేను పోషించనా మీ వదిన్ని?"

ఆమె ఫోన్ పెట్టేసి వెళ్ళి పెద్దసారుకి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు కానీ కాదనలేదు. డబ్బాలన్నీ తనే ఎత్తి ఫ్రీజర్లో పెట్టింది. పురుగులు ఒక్కొక్కటే కాళ్ళాడించడం మానేస్తుంటే, మూత వేయకుండా చూస్తూ నిలబడింది. ఏడుపొచ్చింది. ఈ దేశంలో వాటికి తను తప్ప శత్రువులు లేరు.

సాయంత్రం అన్నయ్యే ఫోన్ చేశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అక్కడ ఆ గడ్డిని కొరుక్కుతినేవి ఉన్నాయన్నావు. ఇక్కడ దాన్ని కాపాడేదానివి నువ్వున్నావు," అని పెట్టేశాడు.